నీరు ఏ ఉష్ణోగ్రత దగ్గర మరుగుతుంది? పీడనాన్ని బట్టి మరుగు స్థానాన్ని లెక్కగట్టి సరిచూసుకునే సమగ్ర మార్గదర్శి

నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుందని చిన్న తరగతుల్లోనే చదువుకుంటాం. ఆ మాట తప్పు కాదు గాని, సగం మాట. సాధారణ వాతావరణ పీడనం ఉన్నప్పుడు అన్న షరతు దానికి ముందు ఉంది. అంకె గుర్తుండిపోతుంది, షరతు జారిపోతుంది. ఎవరెస్టు శిఖరం మీద అదే నీరు 70–72 డిగ్రీల మధ్యనే మరుగుతుంది, ప్రెషర్ కుక్కర్‌లో 115 డిగ్రీలు దాటినా మరగకుండా నిలుస్తుంది, గాలిని తోడేసిన గాజు పాత్రలో గది ఉష్ణోగ్రత దగ్గరే బుడగలు లేపుతుంది.

ఫలానా చోట, ఫలానా రోజున, ఫలానా పాత్రలో ఉన్న నీరు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతుందో మీరే లెక్కగట్టి, ఆ లెక్కను థర్మామీటరుతో సరిచూసుకునే విధానాన్ని ఇక్కడ మెట్టు మెట్టుగా వివరిస్తున్నాను. ప్రతి మెట్టు దగ్గరా అడగవలసిన ప్రశ్న ఒకటే: నీటి మీద నిజంగా ఉన్న పీడనం ఎంత? ఈ విషయంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం సూత్రం తెలియక జరిగేవి కావు, ఆ పీడనానికి బదులు మరో పీడనాన్ని లెక్కలో వేసుకోవడం వల్ల జరిగేవి.

మొదటి మెట్టు: మరగడం అంటే ఏమిటో స్పష్టపరచుకోవడం

నీటిలోని అణువులు ఎల్లప్పుడూ కదులుతూనే ఉంటాయి. వాటిలో వేగం ఎక్కువగా ఉన్నవి ఉపరితలం నుంచి తప్పించుకుని ఆవిరిగా బయటపడతాయి. మూసిన పాత్రలో ఐతే అలా వెళ్లినవాటిలో కొన్ని మళ్లీ నీటిలోకి వచ్చి చేరతాయి. వెళ్లేవీ వచ్చేవీ సమానమైన స్థితిలో ఆ ఆవిరి కలిగించే పీడనాన్ని సంతృప్త బాష్ప పీడనం అంటారు. శుద్ధమైన నీటి విషయంలో ఇది ఆచరణలో ఉష్ణోగ్రత ఒక్కదాని మీదనే ఆధారపడుతుంది. 20 డిగ్రీల దగ్గర 2.34 కిలోపాస్కల్‌లు, 60 డిగ్రీల దగ్గర 19.9, 80 దగ్గర 47.4, 100 దగ్గర 101.4 కిలోపాస్కల్‌లు. ఉష్ణోగ్రత సమానమైన అంగలు వేస్తుంటే బాష్ప పీడనం అంతకంతకూ పెద్ద అంగలు వేస్తోందన్న సంగతిని ఇక్కడే గమనించండి, తరువాతి లెక్కలన్నీ దీని మీదనే నిలబడతాయి.

ఆవిరి కావడం వేరు, మరగడం వేరు. తడిబట్ట ఆరినట్టు, నీరు ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా పైపొర నుంచి ఆవిరి అవుతూనే ఉంటుంది. మరిగేటప్పుడు మాత్రం నీటి లోపలే, కేవలం ఆవిరితో నిండిన బుడగ పుట్టి, అణగిపోకుండా నిలిచి పైకి రావాలి. ఆ బుడగను చుట్టూ ఉన్న నీరు నొక్కుతుంది; ఆ నీటిని పైనున్న గాలి నొక్కుతుంది. బుడగ లోపలి ఆవిరి పీడనం ఈ బయటి ఒత్తిడికి సమానం కానంతవరకు పుట్టిన బుడగ పుట్టినట్టే అణగిపోతుంది. నీరు మరగబోయే ముందు పాత్ర నుంచి సన్నని రొద వినిపిస్తుంది కదా, అది చాలావరకు అడుగున పుట్టిన ఆవిరి బుడగలు కాస్త చల్లగా ఉన్న పైనీటిలోకి వచ్చి పగిలిపోతున్న చప్పుడే. నీరంతా తగిన వేడికి చేరగానే బుడగలు పగలకుండా పైదాకా వస్తాయి, రొద తగ్గి సలసల మొదలవుతుంది.

కాబట్టి నీటి బాష్ప పీడనం దాని మీద ఉన్న బయటి పీడనానికి సమానమయ్యే ఉష్ణోగ్రతే మరుగు స్థానం. బయటి పీడనం తగ్గితే తక్కువ వేడికే ఆ సమానత్వం వస్తుంది, పెరిగితే ఎక్కువ వేడి కావాలి. ఒకసారి మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా తెరిచిన పాత్రలోని నీటి ఉష్ణోగ్రత పెరగదు. అదనంగా ఇచ్చిన వేడి అంతా, కిలోగ్రాము నీటికి దాదాపు 2,257 కిలోజౌళ్ల లెక్కన, నీటిని ఆవిరిగా మార్చడానికి గుప్తోష్ణంగా ఖర్చవుతుంది. పెద్ద మంట మీద నీరు త్వరగా తరిగిపోతుందే తప్ప ఇంకా వేడెక్కదు.

రెండవ మెట్టు: సరైన పీడనాన్ని పట్టుకోవడం

నా దృష్టిలో మొత్తం పనిలో కీలకమైన మెట్టు ఇది, అందుకే దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

ముందుగా ప్రమాణాల సంగతి. సాధారణ వాతావరణ పీడనం అంటే 101.325 కిలోపాస్కల్‌లు, అదే 1013.25 హెక్టోపాస్కల్‌లు, 760 మిల్లీమీటర్ల పాదరసం. ఈ పీడనం దగ్గర శుద్ధమైన నీటి మరుగు స్థానం, 1990 నాటి అంతర్జాతీయ ఉష్ణోగ్రత మానం ప్రకారం, 99.97 డిగ్రీలు. రసాయన శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం 1982లో ప్రామాణిక పీడనాన్ని సరిగ్గా 100 కిలోపాస్కల్‌లుగా స్వీకరించింది. ఆ పీడనం దగ్గర మరుగు స్థానం 99.61 డిగ్రీలు. ఒక పుస్తకంలో 100 అనీ మరో పుస్తకంలో 99.6 అనీ కనిపిస్తే రెండూ సరైనవే, అవి వేరు వేరు పీడనాల గురించి చెబుతున్నాయి.

ఇక మోసపోయే చోట్లు. వాతావరణ నివేదికల్లో, ఫోన్లలోని వాతావరణ యాప్‌లలో కనిపించే పీడనం సాధారణంగా మీరున్న చోటి అసలు పీడనం కాదు. వేర్వేరు ఎత్తుల్లోని ఊళ్లను పోల్చడానికి వీలుగా దానిని సముద్ర మట్టానికి సవరించి ప్రకటిస్తారు. 1,500 మీటర్ల ఎత్తున ఉన్న చోట నివేదికలో 1013 అని కనిపించవచ్చు. అక్కడి అసలు పీడనం మాత్రం 845 హెక్టోపాస్కల్‌ల దగ్గర ఉంటుంది. నివేదికలోని అంకెను నమ్మితే మరుగు స్థానం 100 వస్తుంది, నిజానికి అది 95. మనకు కావలసింది సవరించని స్థానిక పీడనం. అది సవరణ లేకుండా చదివే బారోమీటరులో గాని, పీడన సెన్సర్ ఉన్న ఫోన్‌లో నేరుగా సెన్సర్ విలువను చూపే యాప్‌లో గాని దొరుకుతుంది.

రెండవ మోసం గేజ్ పీడనానిది. కుక్కర్లు, బాయిలర్ల మీద ఉండే గేజ్ లోపలి పీడనం బయటి గాలి కన్నా ఎంత ఎక్కువో మాత్రమే చూపుతుంది. గేజ్ 100 కిలోపాస్కల్‌లు చూపితే లోపల నీటి మీద ఉన్న మొత్తం పీడనం సముద్ర మట్టంలో దాదాపు 201. మరుగు స్థానపు పట్టికలన్నీ మొత్తం పీడనానికి రాసినవి కనుక, గేజ్ చూపిన విలువకు స్థానిక వాతావరణ పీడనాన్ని కలిపిన తరువాతే పట్టిక చూడాలి.

మూడవది లోతు. నీటిలో ప్రతి 10 సెంటీమీటర్ల లోతుకు దాదాపు 1 కిలోపాస్కల్ పీడనం కలుస్తుంది, అంటే 10 సెంటీమీటర్ల నీరున్న పాత్ర అడుగున మరుగు స్థానం పైన ఉన్నదానికన్నా పావు డిగ్రీకి పైగా ఎక్కువ. ఇంట్లో ఇది లెక్కలోకి రాదు. భూమి లోపల మాత్రం ఇదే పెద్ద సంగతి: 10 మీటర్ల లోతున్న నీటి బొరియ అడుగున మరుగు స్థానం 120 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడి నీరు 110 డిగ్రీలున్నా మరగకుండా ఊరుకుంటుంది, పైనున్న నీరు కొంత ఒలికిపోయి ఒత్తిడి తగ్గగానే ఒక్కసారిగా ఆవిరై ఎగజిమ్ముతుంది. గీజర్లు అనే సహజమైన వేడి నీటి ఊటలు చిమ్మే తీరు ఇదే. సముద్రగర్భంలో రెండు వేల మీటర్లకు మించిన లోతున వేడి నీటి బుగ్గల నుంచి వెలువడే నీరు 350 డిగ్రీలు దాటినా మరగదు.

మూడవ మెట్టు: ఎత్తు తెలిసి పీడనం తెలియనప్పుడు

బారోమీటరు లేకపోయినా, మీరున్న చోటు సముద్ర మట్టానికి ఎంత ఎత్తున ఉందో తెలిస్తే పీడనాన్ని దగ్గరగా అంచనా వేయవచ్చు. ప్రామాణిక వాతావరణ నమూనా ప్రకారం సూత్రం ఇది; ఇందులో ఎత్తును మీటర్లలో వేస్తే పీడనం కిలోపాస్కల్‌లలో వస్తుంది:

పీడనం = 101.325 × (1 − 0.0000225577 × ఎత్తు) ఘాతం 5.25588

2,000 మీటర్లకు కడితే బ్రాకెట్‌లోని విలువ 0.95488, దానిని 5.25588 ఘాతానికి పెంచితే 0.7845, పీడనం 79.5 కిలోపాస్కల్‌లు. లెక్క చేసే తీరిక లేనివారికి ఈ విలువలు చాలు:

సముద్ర మట్టం: 101.3 కిలోపాస్కల్‌లు, మరుగు స్థానం 100 డిగ్రీలు
500 మీటర్లు: 95.5 కిలోపాస్కల్‌లు, 98.3 డిగ్రీలు
1,000 మీటర్లు: 89.9 కిలోపాస్కల్‌లు, 96.7 డిగ్రీలు
1,500 మీటర్లు: 84.6 కిలోపాస్కల్‌లు, 95.0 డిగ్రీలు
2,000 మీటర్లు: 79.5 కిలోపాస్కల్‌లు, 93.3 డిగ్రీలు
3,000 మీటర్లు: 70.1 కిలోపాస్కల్‌లు, 90.0 డిగ్రీలు
4,000 మీటర్లు: 61.6 కిలోపాస్కల్‌లు, 86.6 డిగ్రీలు
5,000 మీటర్లు: 54.0 కిలోపాస్కల్‌లు, 83.3 డిగ్రీలు

గుర్తు పెట్టుకోవడానికి మోటు లెక్క ఒకటి ఉంది: ప్రతి 300 మీటర్ల ఎత్తుకు ఒక డిగ్రీ తగ్గుతుంది. నాలుగైదు వేల మీటర్ల దాకా ఇది బాగానే పనిచేస్తుంది. ఎత్తు మారకపోయినా వాతావరణం మారితే పీడనం మారుతుందన్నది మరచిపోకూడదు. అల్పపీడనం వచ్చి 980 హెక్టోపాస్కల్‌లకు పడిపోయిన రోజున సముద్ర తీరంలో కూడా నీరు 99.1 దగ్గర మరుగుతుంది, 1030 ఉన్న రోజున 100.5 దగ్గర మరుగుతుంది. థర్మామీటరును సరిచూసుకునేవారికి ఈ తేడా చిన్నది కాదు.

నాలుగవ మెట్టు: పీడనం నుంచి మరుగు స్థానాన్ని లెక్కగట్టడం

ఇందుకు రెండు దారులున్నాయి. మొదటిది 1888లో ఆంటోయిన్ ప్రతిపాదించిన సమీకరణం. ప్రయోగాల్లో కొలిచిన విలువలకు సరిపోయేలా స్థిరాంకాలను ఎంచుకున్న సూత్రం కనుక ఆచరణలో నేను దీన్నే సిఫారసు చేస్తాను. పీడనాన్ని మిల్లీమీటర్ల పాదరసంలోకి మార్చి, దాని సంవర్గమానాన్ని 10 ఆధారంగా తీసుకోవాలి:

మరుగు స్థానం = 1730.63 ÷ (8.07131 − పీడనపు సంవర్గమానం) − 233.426

2,000 మీటర్ల ఎత్తుకు చేసి చూద్దాం. 79.5 కిలోపాస్కల్‌లను 7.50062తో గుణిస్తే 596.3 మిల్లీమీటర్లు. దాని సంవర్గమానం 2.77546. దానిని 8.07131 నుంచి తీసివేస్తే 5.29585. 1730.63ను దీనితో భాగిస్తే 326.79, అందులోంచి 233.426 పోతే 93.36 డిగ్రీలు. పట్టికలోని విలువతో సరిపోయింది. ఈ స్థిరాంకాలు 1 నుంచి 100 డిగ్రీల వరకే పనికివస్తాయి. 100 దాటితే 8.07131 స్థానంలో 8.14019, 1730.63 స్థానంలో 1810.94, 233.426 స్థానంలో 244.485 వాడాలి. కుక్కర్ లెక్కకు రెండవ జతే కావాలి.

రెండవ దారి క్లాపేరాన్ 1834లో చూపి, క్లాసియస్ 1850లో మెరుగుపరచిన సమీకరణం. ఇది వేడికీ పీడనానికీ ఉన్న సంబంధం ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది: ఒక మోల్ నీటిని ఆవిరిగా మార్చడానికి కావలసిన వేడి ఎంత ఎక్కువైతే, బాష్ప పీడనం ఉష్ణోగ్రతతో అంత వేగంగా మారుతుంది. ఉష్ణోగ్రతను కెల్విన్‌లలో తీసుకుని ఇలా రాయవచ్చు:

1 ÷ కొత్త ఉష్ణోగ్రత = 1 ÷ 373.15 − 0.0002045 × (కొత్త పీడనం ÷ 101.325) యొక్క సహజ సంవర్గమానం

ఇందులోని 0.0002045 వాయు స్థిరాంకమైన 8.314ను నీటి మోలార్ గుప్తోష్ణం 40,660 జౌళ్లతో భాగించగా వచ్చినది. 70.1 కిలోపాస్కల్‌లకు కడితే 362.95 కెల్విన్‌లు, అంటే 89.8 డిగ్రీలు వస్తుంది. అసలు విలువ 90.0. గుప్తోష్ణం ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా ఒకటే అనుకోవడం వల్ల ఆ 0.2 తేడా వచ్చింది. 100కు చాలా దూరం వెళ్లేకొద్దీ తేడా పెరుగుతుంది.

100 డిగ్రీల పరిసరాల్లో ఐతే ఈ రెండూ లేకుండానే నడిపించవచ్చు: పీడనంలో 1 కిలోపాస్కల్ మార్పుకు మరుగు స్థానంలో 0.28 డిగ్రీల మార్పు.

ఐదవ మెట్టు: సిరంజితో కళ్లారా చూడడం

లెక్క ఎంత సరిగా వచ్చినా, చల్లారుతున్న నీరు మంట లేకుండా మళ్లీ మరగడాన్ని ఒకసారి చూస్తే కలిగే నమ్మకం వేరు. దీనికి సూది లేని 20 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సిరంజి చాలు.

నీటిని ముందు పది నిమిషాలు బాగా మరిగించి, మూత పెట్టి 60 డిగ్రీల దాకా చల్లారనివ్వండి. మరిగించడం ఇక్కడ అనవసరపు పని కాదు, నీటిలో కరిగి ఉన్న గాలిని తరిమివేయడానికి అది అవసరం. తరువాత సిరంజిలోకి 4–5 మిల్లీలీటర్ల నీటిని లాగి, మూతిని పైకి పట్టుకుని మిగిలిన గాలినంతా బయటకు నెట్టివేయండి. మూతిని రబ్బరు బిరడాతో గట్టిగా మూసి పిస్టన్‌ను వెనక్కి లాగండి. సిరంజి లోపలి వ్యాసం 2 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది కనుక రెండున్నర కిలోల బరువును ఎత్తినంత బలం కావాలి. నీటి మీద పీడనం 20 కిలోపాస్కల్‌లకు దిగగానే 60 డిగ్రీల నీరు బుడగలతో మరుగుతుంది.

ఆ బుడగలు ఆవిరివేనా, నీటిలో కరిగి ఉన్న గాలివా? పిస్టన్‌ను మెల్లగా వదిలి చూస్తే తేలిపోతుంది. ఆవిరి బుడగలు నీరుగా మారిపోయి పూర్తిగా మాయమవుతాయి. గాలి బుడగలు ఐతే చిన్నవై మిగిలిపోతాయి. మరిగించని నీటితో చేసినప్పుడు కనిపించే బుడగల్లో చాలావరకు గాలివే ఉంటాయి; వాటిని చూసి ప్రయోగం సఫలమైందని అనుకోకూడదు. గది ఉష్ణోగ్రత నీటితో ఇదే పని చేయాలంటే పీడనాన్ని 2.3 కిలోపాస్కల్‌లకు దించాలి, దానికి మంచి వాక్యూమ్ పంపు, గంట ఆకారంలో ఉండే మందపాటి గాజు పాత్ర కావాలి. అలాంటి పంపు ఉన్న ప్రయోగశాలలో పంపును ఆపకుండా నడిపిస్తే నీరు మరుగుతూనే చల్లబడుతుంది, ఎందుకంటే ఆవిరికి కావలసిన వేడిని అది తనలోంచే తీసుకుంటుంది. పీడనం 0.61 కిలోపాస్కల్‌లకు, ఉష్ణోగ్రత 0.01 డిగ్రీకి చేరినప్పుడు మంచు, నీరు, ఆవిరి మూడూ ఒకేచోట ఉంటాయి. మరుగుతున్న నీటి మీద మంచు పొర కట్టడాన్ని చూసినవారు నీరు మరిగిందంటే వేడిగా ఉన్నట్టేనని మళ్లీ అనుకోరు.

గుండ్రటి అడుగున్న బోరోసిలికేట్ గాజు కుప్పె ఉంటే మరో పాత ప్రయోగం ఉంది. సగం నీళ్లు పోసి కొన్ని నిమిషాలు మరిగించి, ఆవిరి గాలినంతా తోసివేశాక, మంట నుంచి దించి, అప్పుడు మాత్రమే బిరడా బిగించి తలకిందులుగా స్టాండుకు అమర్చి, పైనుంచి చన్నీళ్లు పోయాలి. లోపలి ఆవిరి ద్రవించి పీడనం పడిపోవడంతో నీరు మళ్లీ మరుగుతుంది. చల్లార్చడం వల్లనే నీరు మరగడం ఈ ప్రయోగంలోని అందం. చదునైన అడుగున్న కుప్పెను వాడకండి, బయటి గాలి ఒత్తిడికి అది లోపలికి పగలవచ్చు. మంట మీద ఉండగా బిరడా బిగించకండి. రక్షణ కళ్లద్దాలు లేకుండా దీనికి పూనుకోకండి.

ఆరవ మెట్టు: మీ చోట మరుగు స్థానాన్ని కొలవడం

థర్మామీటరు బల్బును నీటిలో ముంచి చదవడం అందరూ చేసే పని. అంతకన్నా మంచి పద్ధతి ఉంది. 1777లో లండన్ రాయల్ సొసైటీ థర్మామీటర్ల విషయమై నియమించిన సంఘం, హెన్రీ కావెండిష్ నాయకత్వంలో, బల్బును నీటిలో కాక మరుగుతున్న నీటి పైనున్న ఆవిరిలో ఉంచమని సిఫారసు చేసింది. నునుపైన పాత్రలో బుడగ పుట్టడానికి అనువైన గరుకు చోట్లు లేక నీరు తన మరుగు స్థానాన్ని దాటి ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువగా వేడెక్కవచ్చు. నీటిలో లవణాలుంటే కూడా దాని ఉష్ణోగ్రత పెరుగుతుంది. బల్బు మీద ద్రవించే ఆవిరి మాత్రం బయటి పీడనానికి తగిన ఉష్ణోగ్రతనే నిలబెడుతుంది.

పొడవాటి మెడ గల పాత్రలో శుద్ధమైన నీటిని, రెండు మూడు పింగాణీ ముక్కలు వేసి, నిలకడగా మరిగించండి. బల్బు నీటికి నాలుగైదు సెంటీమీటర్ల పైన ఉండాలి. ఆవిరి దాని చుట్టూ ధారాళంగా సాగి బయటకు పోవాలి. మూత గట్టిగా బిగిస్తే పీడనం పెరిగి కొలత చెడుతుంది. ఐదు నిమిషాలపాటు మారకుండా నిలిచిన అంకెను రాసుకుని, నాలుగవ మెట్టులో లెక్కగట్టిన విలువతో పోల్చండి. తేడా ఉంటే అది మీ థర్మామీటరు దోషం. నలిపిన మంచు, నీరు కలిసిన మిశ్రమంలో 0 డిగ్రీల దగ్గర కూడా సరిచూస్తే రెండు కొసలూ తెలుస్తాయి.

ఉప్పు వేస్తే మరుగు స్థానం పెరుగుతుందన్నది నిజమే గాని పెరుగుదల స్వల్పం. లీటరు నీటికి 58 గ్రాముల ఉప్పు వేస్తే ఒక డిగ్రీ పెరుగుతుంది. వంటలో చిటికెడు ఉప్పుతో నీరు ఎక్కువ వేడెక్కుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు.

ఇదే కొలతను తిరగేసి వాడితే ఎత్తు తెలుస్తుంది. మీటరుకు దగ్గరగా పొడవుండే పాదరసపు బారోమీటరును కొండల మీదికి మోయడం కష్టం కనుక, పూర్వం అన్వేషకులు నీటిని మరిగించి ఎత్తులు కట్టే చిన్న పరికరాన్ని వెంట తీసుకెళ్లేవారు. ఈ పద్ధతిలో పదో వంతు డిగ్రీ పొరపాటు ఎత్తులో 30 మీటర్ల పొరపాటు అవుతుంది, అందుకే ఆ థర్మామీటర్ల మీద గీతలు అంత సన్నగా ఉండేవి.

ఏడవ మెట్టు: పీడనాన్ని పెంచడం

1679లో డెనీ పాపెన్ తయారుచేసిన బిగుతు మూత పాత్ర నేటి ప్రెషర్ కుక్కర్‌కు మూలపురుషుడు. దానితో ఆయన ఎముకలను మెత్తబరిచాడు, పాత్ర పగలకుండా రక్షణ కవాటాన్ని అమర్చాడు. సూత్రం సులువైనది. ఆవిరిని బయటకు పోనీయకపోతే నీటి మీద పీడనం పెరుగుతుంది, నీరు మరగకుండా మరింత వేడెక్కుతుంది. గేజ్ పీడనం 100 కిలోపాస్కల్‌ల పైచిలుకుకు చేరే కుక్కర్‌లో సముద్ర మట్టం దగ్గర 120–121 డిగ్రీలు వస్తాయి. ఆసుపత్రుల్లో పరికరాలను శుద్ధిచేసే ఆటోక్లేవ్‌లలో సాధారణంగా వాడే 121 డిగ్రీలకు మొత్తం పీడనం 205 కిలోపాస్కల్‌లు కావాలి.

కుక్కర్ మీది బరువు బయటి గాలి కన్నా ఎంత ఎక్కువ ఒత్తిడి అన్నదాన్నే నియంత్రిస్తుంది, కనుక కొండ మీద అదే కుక్కర్‌లో ఉష్ణోగ్రత తగ్గుతుంది. 2,000 మీటర్ల దగ్గర వాతావరణ పీడనం 79.5, గేజ్ పీడనం 103 అనుకుని రెండూ కలిపితే 182.5 కిలోపాస్కల్‌లు, అంటే 117 డిగ్రీల పైచిలుకు. తెరిచిన పాత్రలో అక్కడ కోల్పోయేది దాదాపు ఏడు డిగ్రీలు, కుక్కర్‌లో నాలుగు డిగ్రీల లోపు.

పీడనం సరిపడా ఉన్నా వేడి సరిపోని సందర్భం ఒకటుంది. పాత్రలో గాలి మిగిలిపోతే గేజ్ చూపేది గాలి, ఆవిరి రెండింటి ఉమ్మడి పీడనం; ఉష్ణోగ్రతను నిర్ణయించేది ఆవిరి వాటా మాత్రమే. అందువల్లనే బరువు పెట్టే ముందు ఆవిరి ధారగా బయటకు వచ్చేదాకా ఆగాలి, ఆటోక్లేవ్‌లో ముందుగా గాలిని తరిమివేయాలి. పరికరాలు శుద్ధి కాకుండా బయటకు వస్తే ప్రాణాల మీదికి వచ్చే చోట ఈ ఒక్క జాగ్రత్తను దాటవేయకూడదు.

పీడనం దిగకముందే మూత తెరవడం ఎంత ప్రమాదమో లెక్క చెబుతుంది. 120 డిగ్రీల వేడిలో ఉన్న 2 లీటర్ల నీటి మీద పీడనం ఒక్కసారిగా బయటి గాలికి సమానమైతే, 100 డిగ్రీలకు దిగే క్రమంలో దాదాపు 75 గ్రాముల నీరు క్షణంలో ఆవిరవుతుంది. అది 125 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. మూతను బలవంతంగా లాగకండి, కవాటాన్ని శుభ్రంగా ఉంచండి.

పీడనాన్ని పెంచుతూ పోతే మరుగు స్థానం ఎంతవరకైనా పెరగదు. 22.064 మెగాపాస్కల్‌లు, దాదాపు 374 డిగ్రీల దగ్గర నీటికీ ఆవిరికీ భేదమే చెరిగిపోతుంది. ఆ సందిగ్ధ బిందువు తరువాత మరగడమన్న మాటకు అర్థం లేదు.

ఎనిమిదవ మెట్టు: తక్కువ పీడనంతో వ్యవహరించడం

తక్కువ వేడికే మరగడం కొన్నిచోట్ల వరం. చక్కెర ద్రావణాన్నో పాలనో మామూలుగా ఇగరబెడితే రంగు మారుతుంది, మాడుతుంది. పీడనం తగ్గించిన పాత్రలో 50–70 డిగ్రీల దగ్గరే నీటిని తోలివేయవచ్చు. 1843లో నార్బర్ట్ రిల్యూ పేటెంట్ పొందిన పద్ధతిలో ఒక పాత్ర నుంచి వచ్చిన ఆవిరి, అంతకన్నా తక్కువ పీడనంలో ఉన్న తరువాతి పాత్రను మరిగిస్తుంది. ఒకసారి ఇచ్చిన వేడి పలుమార్లు పనిచేస్తుంది. మరుగు స్థానాన్ని పీడనంతో దించవచ్చన్న ఒక్క సంగతి మీద నిలిచిన ఇంత పొదుపైన ఏర్పాటు నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

వంటలో మాత్రం ఇది ఇబ్బందే. 1835లో చార్లెస్ డార్విన్ ఆండీస్ పర్వతాలు దాటుతుండగా బంగాళాదుంపలు గంటల తరబడి ఉడికించినా మెత్తబడలేదు, రాత్రంతా పొయ్యి మీదే ఉంచి పొద్దున మళ్లీ మరిగించినా ఉడకలేదు. తోటివారు తప్పంతా కొత్త కుండదే అనుకున్నారు. నీరు సలసల మరుగుతూ కనిపించినా అందులోని పదార్థానికి అందేది 90 లోపు వేడే. మంట పెంచినా లాభం లేదు. సమయం పెంచాలి, లేదా కుక్కర్ వాడాలి. పాకం పట్టేటప్పుడు థర్మామీటరును అనుసరించేవారు, వంటల పుస్తకంలో రాసిన ఉష్ణోగ్రత నుంచి, 100కూ తమ చోటి మరుగు స్థానానికీ ఉన్న తేడాను తీసివేయాలి. మరుగు స్థానం 95 ఐన చోట 115 డిగ్రీల పాకం 110 దగ్గరే సిద్ధమవుతుంది.

తాగునీటిని మరిగించి శుద్ధిచేసేవారికి కూడా ఇది వర్తిస్తుంది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సూచన ప్రకారం నీరు బాగా మరగడం మొదలైన తరువాత ఒక నిమిషం ఉంచాలి. సుమారు 2,000 మీటర్లకు పైన ఐతే మూడు నిమిషాలు. నిమిషాల లెక్కను నీరు పైదాకా సలసల మరగడం మొదలైనప్పటి నుంచి పెట్టుకోవాలి, అడుగున మొదటి బుడగలు కనిపించినప్పటి నుంచి కాదు, ఎందుకంటే ఆ తొలి బుడగలు చాలావరకు నీటిలోంచి వెలువడుతున్న గాలివే.